జంటకవుల స్పర్ధలో మిగిలిందేమిటి?

తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య నడిచిన స్పర్ధను మనవాళ్ళు కథగా చెప్పుకున్నంతగా విమర్శదృష్టితో పరిశీలించలేదు. ఎవరి ధార గొప్పది, ఎవరి ధారణ గొప్పది అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఆ స్పర్ధ వారి కవిత్వానికి ఏం చేసిందన్నదే అసలు ప్రశ్న.

దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి (1870–1950) సంస్థానాలు తిరిగి, మీసాలు పెంచి, తమను గెలవమని పండితులకు సవాలు విసిరినవారు. కొప్పరపు వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942) తరువాత వచ్చినవారు. ఆశువేగమే వారి ఆయుధం. అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. వాదం సభల నుంచి అచ్చులోకీ పాకింది.

దీన్ని వ్యక్తుల అహంకారంగా మాత్రమే చూస్తే పొరపాటు. కవి దర్బారు గడప దాటి పట్టణ సభకు వస్తున్న కాలమది. దర్బారులో ప్రభువు మెప్పు చాలు. సభకు గెలుపోటములు కావాలి. ఆ ఒత్తిడే వేగాన్ని విలువగా మార్చింది. కవిత్వం జనం ముందుకు రావడం ఇందులోని మేలు. ఏం చెప్పారన్నదాని కంటే ఎంత త్వరగా చెప్పారన్నది ముఖ్యం కావడం ఇందులోని కీడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1910లో, గురజాడ ‘ముత్యాల సరాలు’ వెలువడ్డాయి. జంటకవులు పాత ఛందస్సులో వేగం కోసం పోటీపడుతుండగా, గురజాడ ఛందస్సునే మార్చాడు.

మా అత్తాపూర్ బడిలో అవధానం గురించి చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగేది ఒక్కటే: “ఎవరు గెలిచారు సార్?” సభలో ఎవరు గెలిచినా కాలం దగ్గర కొలత వేరు. కొప్పరపు వారి ఆశుకవిత్వంలో చాలా భాగం చెప్పిన సభలోనే గాలిలో కలిసిపోయింది. వేగం వారికి కీర్తి తెచ్చింది. ఆ వేగమే వారి పద్యాన్ని కాగితానికి అందకుండా చేసింది. తిరుపతి వేంకట కవుల అవధాన పద్యాలు మాత్రం ఎందరి నోట ఉన్నాయి? వారిని బతికించింది పాండవ నాటకాలు. ఆ పద్యాలను నటులు రాగం తీసి పల్లెపల్లెకూ మోశారు. 1967లో ‘శ్రీకృష్ణావతారం’ సినిమా వాటిని తెరకెక్కించింది. అంటే నిలిచింది ప్రత్యర్థి కోసం చెప్పిన పద్యం కాదు, ప్రజల కోసం రాసిన పద్యం.

మరో విషయం కూడా గమనించాలి. తిరుపతిశాస్త్రి పోయాక వెంకటశాస్త్రి ముప్పై ఏళ్ళు బతికారు. విశ్వనాథ వంటి శిష్యులు ఆయనకున్నారు; ‘కథలు–గాథలు’ వంటి జీవమున్న గద్యం ఉంది. అందువల్ల ఆనాటి వివాదాలను మనం ఎక్కువగా ఒక పక్షం గొంతుతోనే విన్నాం. ఎక్కువకాలం బతికిన కవి, ఎక్కువమంది శిష్యులున్న కవి, అచ్చుయంత్రం అందిన కవి సాహిత్య చరిత్రలో సాక్షిగానూ న్యాయమూర్తిగానూ కూర్చుంటాడు. కొప్పరపు వారికి ఆ అవకాశం దక్కలేదు. దక్కనంత మాత్రాన వారు ఓడినట్టు కాదు.

సాహిత్య విద్యార్థులు ఈ తేడాను గుర్తించాలి. మన సంఘాల మధ్య, కవుల మధ్య నేడూ స్పర్ధలున్నాయి. ఉండటం తప్పు కాదు. ఎదుటివాడిని మించాలన్న పట్టుదల పదును పెడుతుంది. కాని పదును పెట్టిన కత్తితో పంట కోయాలి. ఎప్పుడూ సానరాయి దగ్గరే కూర్చుంటే పొలం పాడవుతుంది.