ఫోర్ ట్వంటీ: సెక్షన్ సంఖ్య నుండి తిట్టుపదం వరకు

మోసగాణ్ణి ఉద్దేశించి తెలుగువారు వాడే ఆంగ్లపదాల్లో ‘చీటర్’, ‘ఫ్రాడ్’ తమ అర్థాన్ని నేరుగా చెబుతాయి. ‘ఫోర్ ట్వంటీ’ మాత్రం 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఒక సెక్షన్ సంఖ్య. వంచించి ఎదుటివారి ఆస్తిని కాజేసే నేరానికి ఏడేళ్ళ వరకు ఖైదును, జరిమానాను విధించేది ఆ సెక్షన్. ఆ సంఖ్యే నేరస్థునికి పేరయింది.

హిందీ ఈ సంఖ్యను అనువదించుకొని ‘చార్ సౌ బీస్’ అన్నది. రాజ్‌కపూర్ ‘శ్రీ 420’ (1955) శీర్షికలోని చమత్కారానికి ఆ వాడుకే ఆధారం. హైదరాబాదులో, వెంగళరావు నగర్ వంటి పేటల్లో, రెండు రూపాలూ వినిపిస్తాయి. కాని ‘నాలుగు వందల ఇరవై’ అని తిట్టేవారు లేరు. తెలుగులో ఇది సంఖ్యావాచకత్వాన్ని వదులుకొని నామవాచకంగా స్థిరపడింది. అందుకే ‘ఫోర్ ట్వంటీగాడు’, ‘ఫోర్ ట్వంటీ పనులు’ అనే రూపాలు సాధ్యమైనాయి. మోసగాడు, మోసగత్తె అన్న లింగభేదం కూడా దీనికి లేదు.

చట్టం ప్రకారం వంచించే ఉద్దేశం మొదటినుండీ ఉండాలి. అప్పు తీర్చలేకపోయినంత మాత్రాన ఆ నేరం కాదు. వాడుక ఈ షరతును పట్టించుకోదు. మాట తప్పినవాడూ, గొప్పలు పోయేవాడూ ఫోర్ ట్వంటీలే. కనుక నిఘంటువులో ‘వంచకుడు’ అని పర్యాయపదం ఇచ్చి ఊరుకుంటే చాలదు. ‘నమ్మకద్రోహి’ అన్నప్పుడు నమ్మి చెడినవారు కూడా స్ఫురిస్తారు. ‘ఫోర్ ట్వంటీ’లో బాధితుని జాడ ఉండదు. స్నేహితుణ్ణి నవ్వుతూ ఫోర్ ట్వంటీ అనగలం, నమ్మకద్రోహి అనలేం. పోగొట్టుకున్నవారి నష్టాన్ని కనబడనీయని ఈ తేలికతనమే ఆ పదానికి అసలైన అర్థచ్ఛాయ అని నా అభిప్రాయం.

సినిమా శీర్షికలతో పోల్చి చూడవచ్చు. పోలీసు రికార్డుల్లోని ‘రౌడీ’ మన తెరపై ‘రౌడీ అల్లుడు’ (1991) అయి చుట్టరికం కలుపుకొన్నది. మోసానికి అంత సులభంగా గౌరవం దక్కదు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) శీర్షికలో కథానాయకుణ్ణి కాపాడుతున్నది ‘కు’ విభక్తి: అతడు మోసగాళ్ళ పాలిట మాత్రమే మోసగాడు. వంచితుడెవరో చెప్పవలసిన అగత్యం ‘మోసగాడు’ అనే మాటకు ఉన్నది గనుకనే ఆ సమర్థన కుదిరింది.

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 420వ సెక్షన్‌లోని నేరం అందులో 318(4) కిందికి చేరింది. సంహితలో ఉన్నవి మొత్తం 358 సెక్షన్లే. అంటే 420 అనే సంఖ్యకే అక్కడ చోటు లేదు. ‘త్రీ ఎయిటీన్‌గాడు’ అనే తిట్టు మాత్రం ఇంతవరకు నా చెవిన పడలేదు.