దేన్ని తీసుకోవాల?

ఇంగ్లీషు 'టేక్'కు అర్థం అడిగితే మా కోడుమూరు పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్తారు: "తీసుకొనుట, సార్!" గైడులో అట్లే ఉంటుంది మరి. సాయంత్రాలు మా అరుగు మీదికి చదువుకోను వచ్చే పిల్లలకు నేనొక అలవాటు చేసినాను. మాటకు అర్థం అడిగితే నేను చెప్పను. "దేన్నిరా?" అని ఎదురు అడుగుతాను.

బస్సునైతే? ఎక్కాల. పరీక్షనైతే? రాయాల. ఫోటో అయితే తీయాల, సెలవైతే పెట్టాల, అప్పయితే చేయాల. టైమైతే పడతాది. స్నానమైతే మా పక్క నీళ్ళు పోసుకోవాల. "పగ అయితేనో?" అంటే అరుగంతా ఒక్క గొంతుతో "తీర్చుకోవాల సార్!" అంటుంది. అంతా సీమ సినిమాల పుణ్యం. ఇట్లా పలక నిండా రాసినాక చూస్తే 'తీసుకొనుట'కు మిగిలేది చిల్లరా, పెన్నూ, ఇంకో రెండు మూడు వస్తువులూ.

ఇంగ్లీషులో టేక్ ఉత్త చేతులతో నడుస్తుంది. అర్థం మోసేది దాని పక్కనున్న నామవాచకం. తెలుగులో ఆ పని క్రియది. అందుకే మనవాళ్ళకు 'ఏం చేసినావు' అన్నది మొదట తెలియాల.

ఇది తెలియకపోతే ఎంత ముప్పో మందు దగ్గర తెలుస్తుంది. మాత్రనైతే మింగుతాం, లేదా వేసుకుంటాం. టానిక్కునైతే తాగుతాం. అయితే ముందూ వెనకా లేకుండా "ఫలానా ఆయన మందు తాగినాడు" అంటే పత్తీ మిరపా పండించే ఈ పల్లెల్లో ఆటో కోసం పరుగెత్తుతారు. చేనిలో కొట్టేదీ మందే, బ్రాందీ షాపులో అమ్మేదీ మందే. వైద్యం చదివే పిల్లలకు ఈ మూడు మందుల తేడా ఇంగ్లీషు పుస్తకం నేర్పదు, వార్డులో రోగి పక్కన కూర్చున్న అవ్వ నేర్పుతుంది.

వైద్యం చదవను మన తెలుగు పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్‌కు పోతున్నారు. అక్కడి తగలోగ్ భాషలో మాత్రనైనా, టానిక్కునైనా 'ఉమినోమ్' అంటారు, అంటే తాగడమే. ఆ మాటను అట్లే తెలుగులోకి తెచ్చుకుంటే ఏమవుతుందో పైన చెప్పినాను. మిగతా చాలా చోట్ల మాత్రం వాళ్ళ దారీ మన దారీ ఒకటే. బస్సుకు 'సుమకాయ్', ఎక్కడం. స్నానానికి 'మలీగో', ఒక్క మాటలో అయిపోతుంది. సాగనంపేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు చెప్పే 'టేక్ కేర్'కు వాళ్ళు 'ఇంగాత్' అంటారు. మనం "భద్రంగా పో నాయనా" అంటాం. తీసుకోవడానికి అచ్చమైన తగలోగ్ మాట 'కుమూహా'. దాన్ని ఫోటోకూ, పరీక్షకూ వాడుకుంటారు, బస్సుకు మాత్రం రానీయరు.

ఆ భాషకు పెద్ద ఇంగ్లీషు నిఘంటువు కట్టిన ఆయన లియో జేమ్స్ ఇంగ్లిష్ అనే ఆస్ట్రేలియా పాదిరీ. ఇంటిపేరే ఇంగ్లిష్! 1965లో అచ్చయిన ఆ పుస్తకంలో ఒక్కో అర్థాన్నీ వాక్యంలో పెట్టి చూపించినాడు. మనకు అట్లాంటి పని చేసిన ఆయన మన సీమలోనే మకాం పెట్టినాడు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాడు. కావ్యాల మాటల పక్కనే జనం నోటి మాటలకూ చోటిచ్చినాడు. రెండేళ్ళకు కచేరీల్లో, సంతల్లో కలిసిపోయిన అరబ్బీ, పారశీక, ఉర్దూ మాటలకని మిశ్రభాషా నిఘంటువు వేరుగా వేసినాడు. ఆయన ఉన్న బంగళా చోటులోనే కడప బ్రౌన్ గ్రంథాలయం లేచింది. పరాయివాళ్ళు గనక ఇద్దరూ అడిగి తెలుసుకున్నారు. సొంతవాళ్ళం గనక మనం అడగడం మానేసినాం.

మానేసినందుకు ఫలితం రోజూ పేపర్లో కనబడుతుంది. నిర్ణయం తీసుకున్నారు, జాగ్రత్తలు తీసుకోవాలి, భోజనం తీసుకోండి. ఇవి నాలుకకు అలవాటైపోయినాయి, వీటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఒక్క వాక్యంతోనే. ఎండాకాలం వస్తానే "తాగునీటి ఎద్దడిపై చర్యలు తీసుకుంటాం" అని ప్రకటన వస్తుంది. ఈ వాక్యంలో క్రియ ఉంది, పని లేదు. ట్యాంకర్లు తోలతారా, బోరు వేస్తారా, పగిలిన పైపు మారుస్తారా? గ్రామసభలో ఈ మాట వినబడినప్పుడు మా పిల్లలు గనక లేచి నిలబడి "ఏం చర్య, సార్?" అని అడిగితే, నేను నేర్పిన ఇంగ్లీషు వంటబట్టినట్టే.