నీళ్లెక్కడ దొరుకుతాయో రాసినవాడు

మన యాత్రాసాహిత్యం గురించి రాసేవాళ్లందరూ ఏనుగుల వీరాస్వామితో మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెడుతున్నాను గానీ కారణం వేరు. ‘కాశీయాత్ర చరిత్ర’ను తొలి తెలుగు యాత్రాగ్రంథమని, నాటి దేశస్థితికి అద్దమని పొగిడి అలమారలో పెట్టేయడం మనకు అలవాటైపోయింది. అది తన వెనక అదే దారిన వచ్చేవాడికి పనికొచ్చేలా రాసిన పుస్తకమన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన వీరాస్వామి 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు సంగతులు రాస్తూ పోయాడు. అవే ఆయన పోయాక 1838లో పుస్తకమయ్యాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అందులో గుళ్లున్నాయి, నదులున్నాయి, వేదాంతం కూడా కావలసినంత ఉంది. కానీ నన్ను కట్టిపడేసేవి మజిలీల దగ్గర ఆయన రాసుకున్న మాటలు. ఈ ఊళ్లో నీళ్ల వసతి ఎలాంటిది, దుకాణంలో ఏ సామాను దొరుకుతుంది, బాట ఇసకా రాయా, సుంకంవాళ్లు ఎక్కడ ఆపుతారు, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది, బోయీల కూలి ఎంత. ఆయన పేదవాడేం కాదు. పల్లకీలో, వందమంది దాకా పరివారంతో కదిలాడు. అయినా రేపు ఇదే దారిన నడిచేవాడికి నీళ్లెక్కడ దొరుకుతాయో చెప్పకుండా ముందుకు పోలేదు. హైదరాబాదు దాటి నాగపూరు చేరిన ఆ బాట, ఇవాళ గల్ఫ్‌కి మనుషుల్ని పంపుతున్న ఉత్తర తెలంగాణ గుండానే పోయింది. ఆ జిల్లాలవాడిగా నాకు దాని మీద కొంచెం ఎక్కువ మమకారం.

నేనుండేది అల్ ఖర్జ్‌లో. రియాదుకి ఆగ్నేయంగా ఎనభై కిలోమీటర్లు. వ్యవసాయ యంత్రాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపర్ని. మా ఊరి పేరు చెబితే హైదరాబాదులో కూడా ఎవరికీ తెలియదు. కానీ సౌదీలో పాలు తాగినవాడెవడికైనా మా ఊరితో చుట్టరికం ఉన్నట్టే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన అల్ సాఫీ డెయిరీ ఫారం ఇక్కడిదే, అల్‌మరాయ్ ఆవుల కొట్టాలూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. నలభై అయిదు డిగ్రీల ఎండలో, ఫ్యాన్ల కింద, పిచికారీ నీళ్ల మధ్య వేల ఆవులు నిలబడి పాలిస్తాయి.

2019 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వం మొదటిసారి టూరిస్టు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు మామూలు మనిషి ఇక్కడికి హజ్, ఉమ్రాలకో, పనికో, పనిచేసేవాళ్ల కుటుంబంగానో రావలసిందే. ఆన్‌లైన్‌లో వీసా ఇచ్చిన మొదటి 49 దేశాల జాబితాలో ఇండియా లేదు. అందుకని ముందు వచ్చి రాసిన మనవాళ్లలో అమెరికా, యూరపు కాగితాలున్నవాళ్లే ఎక్కువ. ఆ వ్యాసాలు చాలానే చదివాను. ఆదివారం అనుబంధాల్లో వచ్చినవీ, ప్రవాస సంచికల్లో వచ్చినవీ. అన్నిట్లోనూ దారి ఒకటే. దిరియా మట్టికోట, రియాదు అవతల ప్రపంచపు అంచు అనే కొండ, అల్ ఉలా సమాధులు, జెద్దా పాతపట్నం. వర్ణన బాగానే ఉంటుంది. ఎడారిలో సూర్యాస్తమయం మాత్రం ఏ వ్యాసంలోనూ తప్పదు. హోటల్లో పొద్దున్నే తిన్న పెరుగు ఎక్కడిదో, దాన్ని గది దాకా తెచ్చిపెట్టిన కుర్రాడు ఏ జిల్లావాడో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆ కుర్రాడు తెలుగువాడైనా సరే.

సౌందర్యం రాయొద్దని నేను అనడం లేదు. ఖర్జ్‌కీ తన అందం ఉంది, చరిత్ర కూడా. బ్రిటిష్ అధికారి ఫిల్బీ 1918లో ఇటుగా ఒంటెల మీద దక్షిణానికి పోతూ ఇక్కడి ఊటబావుల్ని చూశాడు. 1922లో అచ్చయిన ‘ది హార్ట్ ఆఫ్ అరేబియా’లో వాటి ప్రస్తావన ఉంది. భూమి కుంగిపోయి ఏర్పడ్డ పెద్ద పెద్ద గుంతలవి, అడుగున నీళ్లు. తర్వాత రాజు అబ్దుల్ అజీజ్ ఆ నీళ్లతో ఇక్కడ పొలాలు చేయించాలనుకున్నాడు. 1942లో అమెరికా నుంచి ఒక వ్యవసాయ బృందం వచ్చింది. పంపులు వచ్చాయి, కాలవలు వచ్చాయి, గోధుమా ఖర్జూరమూ పండాయి. డెయిరీలు ఆ తర్వాతి కథ. ఆ ఊటబావులు ఇప్పుడు ఎండిపోయిన గోతులు. చుట్టూ కంచె, లోపల పావురాలు. రియాదు దారిలోనే దహల్ హీత్ అనే గుహ ఉంది. దాని నోటి దగ్గర బయటపడే రాతిపొరకి ఆ గుహ పేరే పెట్టారు. తూర్పున, నేల అడుగున, చమురు పైకి తప్పించుకోకుండా మూతలా బిగించింది ఆ పొరే. అంటే ఈ దేశానికి నీళ్లు పోయిన కథా, డబ్బు వచ్చిన కథా మా ఊరి చుట్టుపక్కలే చూడొచ్చు. మన యాత్రికులకి రియాదు నుంచి గంట ప్రయాణం. ఎవరూ రారు.

రాకపోతే పోనీ. నా అసలు గొడవ వార్తల గురించి.

సౌదీ కార్మిక సంస్కరణని 2020 నవంబరులో ప్రకటించారు, 2021 మార్చి 14 నుంచి అమలు. ఒప్పందంలో ఒక ఏడాది పూర్తయితే యజమాని ఒప్పుకోకపోయినా ఇంకో చోటికి మారొచ్చు. చుట్టీకి పోయి రావడానికి అనుమతి పనివాడే అడుక్కోవచ్చు. మంచిదే, నాకూ ఉపయోగపడింది. కానీ మన దేశపు పత్రికల్లో ‘కఫాలా పోయింది’ అనే శీర్షికలు వచ్చాయి. 2025 అక్టోబరులో అదే శీర్షిక ఇంకోసారి తిరిగింది. ఆ సంస్కరణ ఎవరికి వర్తించదో ఆ శీర్షికల కింద వెతకండి. ఇంటి పనివాళ్లకీ, ఇంటి డ్రైవర్లకీ, కాపలావాళ్లకీ, గొర్రెల కాపరులకీ, తోటమాలులూ పొలం పనివాళ్లకీ అది వర్తించలేదు. మా ఖర్జ్ చుట్టూ చిన్న చిన్న తోటలు, పొలాలు బోలెడు. మజ్రా అంటారు. కంపెనీ డెయిరీలో పనిచేసే మనిషికి ఆ వార్త నిజం. రోడ్డవతల మజ్రాలో ఖర్జూరం చెట్లకి నీళ్లు పెట్టే మనిషికి అబద్ధం. ఇద్దరూ ఒకే మండలం వాళ్లు కావచ్చు. ఒకే కొట్టులో రొట్టె కొనుక్కుంటారు.

మజ్రాలో ఉండే ఒకాయనకి ఊరి నుంచి తండ్రి ఫోను చేశాడు. “ఇగ కఫీల్ లేడంట గదా బిడ్డా, పేపర్ల ఏసిండ్రు. రావొచ్చు గదా?” ఆయన నా వైపు చూసి, “ఏం చెప్పాలె అన్నా?” అన్నాడు. ఆ పేపరు రాసినవాడు ఒక్క వాక్యం ఎక్కువ రాసి ఉంటే ఆ ముసలాయనకి ఆ ఆశా, కొడుక్కి ఆ ఇబ్బందీ ఉండేవి కావు. ఆశపడి కఫీల్ని వదిలి బయటపడితే ‘హురూబ్’ పడుతుంది. అంటే పారిపోయాడని ఫిర్యాదు. ఆ మచ్చ పడ్డాక పని మారడం మాట దేవుడెరుగు, ఇంటికి పోవడమే కష్టం.

ఈ విషయంలో మలయాళీలు మనకన్నా ముందున్నారని ఒప్పుకోవాలి. బెన్యామిన్ బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ‘ఆడుజీవితం’ నవల రాశాడు, 2008లో వచ్చింది. 2024లో సినిమాగా తెలుగులోకీ దిగింది. కాపరి పడిన బాధ చూసి అందరూ ఏడ్చారు. నాకు అందులో అతి ముఖ్యమైన ఘట్టం ఎడారిలో జరగదు. రియాదు విమానాశ్రయంలో జరుగుతుంది. దిగినవాడికి తనని తీసుకెళ్లడానికి వచ్చింది ఎవరో తెలియదు, అడగడానికి భాష లేదు, వచ్చినవాడి బండెక్కుతాడు. ఆ తర్వాతి కష్టమంతా ఆ నాలుగు నిమిషాల్లో ఉంది. అది నవలే అయినా, వీరాస్వామి లెక్కలో మంచి యాత్రాగ్రంథం కూడా. చదివినవాడు బండెక్కే ముందు ఒకసారి ఆగుతాడు.

మన యాత్రా రచయితల్లో ఈ చూపు లేదని కాదు. ‘భ్రమణకాంక్ష’ రాసిన ఆదినారాయణ గారు కాళ్లతో నడిచిన మనిషి. నడిచేవాడికి నీడా నీళ్లూ తెలుస్తాయి. అయితే ఎంత నడిచినా ఆయన పాస్‌పోర్టు ఆయన జేబులోనే ఉంటుంది. పాస్‌పోర్టు ఇంకొకడి బీరువాలో ఉన్న ప్రయాణాన్ని మనం యాత్ర అనడం లేదు. దాన్ని వలస అంటాం, సమస్య అంటాం, కథల్లో విషాదం చేస్తాం. అలా పేరు మార్చేసరికి, ఆ మనిషికీ కళ్లున్నాయనీ, దారిలో అతనూ కొన్ని గమనించి ఉంటాడనీ మరిచిపోతాం.

గమనించినవాళ్లున్నారు. మా గదిలో రెండు వందల పేజీల గీతల నోటుబుక్కు ఒకటి ఉంది. 2006లో జగిత్యాల వైపు ఒకాయన మొదలుపెట్టాడు. ఆయన ఖురూజ్ మీద, అంటే మళ్లీ రాని ప్రయాణంగా ఇంటికి పోతూ, దాన్ని మంచం మీద వదిలి వెళ్లాడు. తర్వాత ఉన్నవాళ్లు రాస్తూ వచ్చారు. ఆరేడు చేతిరాతలు. నేనైతే దీన్ని అచ్చు పుస్తకంలాగే చదివాను, అలాగే అంచనా కడతాను.

మొదటి పేజీలు బొంబాయి. అప్పట్లో మావాళ్లు అక్కడికి పోయే వీసా తెచ్చుకునేవారు. ఏ లాడ్జిలో నల్లులు, మెడికల్‌కి ఎంత, ఏజెంటు ఇంకో వారం అంటే ఎన్ని వారాలనుకోవాలి. తర్వాత పేజీలో అన్నిటికన్నా విలువైన రాత. వీసా మీద అరబ్బీలో ఉండే పని పేర్లు, పక్కన తెలుగులో ఉచ్చారణ, అర్థం. ‘సాయిఖ్ ఖాస్’ ఇంటి డ్రైవరు, ‘ఆమిల్ మంజిలీ’ ఇంటి పనివాడు, ‘రాయీ గనం’ గొర్రెల కాపరి. ఆ అక్షరాల ఆకారాన్ని బొమ్మ గీసినట్టు పెద్దగా గీశారు. చదవడం రానివాడు కూడా పోల్చుకునేలా. 2011లో మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి సూపర్ మార్కెట్లో పని అని చెప్పి పంపారు. వీసా మీద ‘రాయీ గనం’ ఉంది. అది అతను మా గదిలో తెలుసుకున్నాడు. శంషాబాదులో తెలిసి ఉంటే విమానం ఎక్కేవాడా అని అడిగాను. “అప్పు అప్పటికే అయింది గదన్నా” అన్నాడు. కాబట్టి ఆ పేజీ ఊళ్లోనే, అప్పు చేయకముందే చదవాల్సింది. పది పాసు కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంటుంది, పోయేముందు ప్రవాసీ భారతీయ బీమా కట్టించుకోవాలి, మనిషికి ఏమన్నా అయితే పది లక్షలు అని కూడా ఎవరో తర్వాత ఇరికించి రాశారు. 2017 పేజీలో ఆ మార్చిలో ప్రకటించిన తొంభై రోజుల క్షమాభిక్ష, జరిమానా లేకుండా ఇల్లు చేరిన నలుగురు మనుషులు. పేర్లు లేవు, ఊళ్లున్నాయి.

లోపాలు లేకపోలేదు. ధరలు రాసినవాళ్లు కొన్ని చోట్ల తేదీ వేయలేదు, అలాంటి ధర ఎందుకూ పనికిరాదు. ఏజెంట్ల మీద కోపంతో రాసిన మూడు పేజీలు ఉత్త తిట్లు. ఊటబావుల మాట ఎక్కడా లేదు. ఆ నీళ్లు తోడి పెంచిన పచ్చదనం మీదే అందరి జీతమూ నడుస్తున్నా, పక్కనున్న గొయ్యిలోకి తొంగిచూసినవాడు లేడు. అన్నిటికన్నా పెద్ద లోటు ఆడవాళ్లు. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇంటి పనికి వచ్చిన ఆడవాళ్ల చేతిరాత అందులో ఒక్క పంక్తి లేదు. మాకు శుక్రవారం ఉంది, బత్హా బజారులో కలిసే చోటుంది, గది ఉంది. వాళ్లలో చాలామందికి శుక్రవారమే లేదు. వాళ్లు చూసిన సౌదీ మేం చూడనిది. ఇళ్ల లోపలి దేశం అది. దాని గురించి రాసే మనిషి వచ్చినప్పుడు మా నోటుబుక్కూ, ఆదివారం అనుబంధాలూ రెండూ పాతబడతాయి.

వచనం మాటకొస్తే, ఆ నోటుబుక్కులో వర్ణన అనేదే లేదు. ఒక్క చోట మాత్రం, నాలుగో చేతిరాతవాడు, ‘దుమ్ముగాలి లేస్తే బండి ఆపి లైట్లు ఆర్పేయాలె, ఎనక బండోడు నీ ఎర్ర లైటు చూస్కుంట వచ్చి నిన్నే గుద్దుతడు’ అని రాశాడు. ఇసక తుఫాను మీద నేను చదివిన అన్ని వ్యాసాల్లోనూ ఇంత దగ్గరగా చూసింది లేదు.

చివరి పేజీ కొత్తది. 2024 డిసెంబరు 1న రియాదు మెట్రో మొదలైన నెలలో రాసింది. ఎయిర్‌పోర్టు నుంచి పసుపు లైను ఎక్కి, కేఏఎఫ్‌డీ స్టేషన్లో నీలం లైనుకి మారితే బత్హా వస్తుంది. టికెట్టు నాలుగు రియాళ్లు, రెండు గంటలు చెల్లుతుంది. ఖర్జ్‌కి మాత్రం లేదు, అక్కణ్ణుంచి టాక్సీలో సీటు మాట్లాడుకోవాలి, ఎక్కేముందే ధర అడగాలి. కొత్తగా వచ్చినవాడైతే గది నంబరుకి ముందు ఫోను చేయాలి, ఎవరో ఒకరు ఎదురొస్తారు.