జోహనెస్‌బర్గ్‌లో కారు దిగే ముందు

జోహనెస్‌బర్గ్ వెళ్తున్నానంటే ముందు ఎందుకంటారు, ఆ తర్వాత జాగ్రత్తంటారు. ఆ జాగ్రత్త ఎలా పడాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే మనవాళ్లు చాలామంది విమానం దిగి నేరుగా శాండ్‌టన్‌లో హోటల్ గదికి చేరి, పక్కనున్న మాల్‌లో భోంచేసి, మర్నాడు పొద్దున్నే క్రూగర్ పార్కు దారి పడతారు. క్షేమంగానే తిరిగొస్తారు. కానీ 1886లో బంగారం బయటపడ్డాక గనుల చుట్టూ పుట్టి పెరిగిన ఊరిని, గాంధీని, మండేలాను ఖైదు చేసిన ఊరిని చూడకుండానే వచ్చేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది.

నేరం లేదని నేను అనను. కార్లు ఎత్తుకుపోయే చోట్లని హెచ్చరించే బోర్డులు ప్రభుత్వమే రోడ్ల పక్కన పెట్టింది. ఉన్నవాళ్ల పేటల్లో గోడల మీద కరెంటు తీగలు, గేట్లకు సాయుధ కాపలా కంపెనీల పలకలు కనిపిస్తాయి. అయినా ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లతో తిరిగితే ఒక సంగతి తెలుస్తుంది. వాళ్లు రోజంతా భయపడుతూ బతకరు. కొన్ని క్షణాల్లో మాత్రం ఒళ్లంతా కళ్లు చేసుకుంటారు. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఇంటి గేటు తెరుచుకునేటప్పుడు, కారు దిగి దుకాణం దాకా నడిచే ఆ నాలుగడుగుల్లో, ఏటీఎం ముందు, దారి వెతుక్కుంటూ ఫోన్‌లోకి తలవంచినప్పుడు. దొంగకు కావలసిందీ ఆ క్షణాలే. ఊరంతటికీ భయపడే టూరిస్టు మధ్యాహ్నానికే అలసిపోతాడు. తీరా కళ్లు తెరిచి చూడవలసిన చోట పరధ్యానంగా ఉంటాడు.

అక్కడ అనుభవమున్న డ్రైవర్ పక్కన కూర్చుని గమనించండి. దూరంలో ఎర్ర లైటు కనిపించగానే వేగం తగ్గిస్తాడు, ముఖ్యంగా రాత్రిపూట. తను చేరేసరికి పచ్చ లైటు పడేలా, కారు పూర్తిగా ఆగకుండా నెమ్మదిగా పోనిస్తాడు. ఆగక తప్పకపోతే, ముందు కారు వెనక చక్రాలు రోడ్డును ఆనుకున్న చోటు కనిపించేంత ఎడం వదులుతాడు. ఆ ఎడం ఉంటే వెనక్కి వెళ్లే పని లేకుండా పక్కకు తిప్పి బయటపడొచ్చు. అద్దాలు ఎత్తే ఉంటాయి. ఫోన్ డాష్‌బోర్డు మీద ఉండదు. సీటు మీద హ్యాండ్‌బ్యాగు కనబడితే అద్దం పగలగొట్టి లాక్కుపోవడానికి కొన్ని సెకన్లు చాలు. అందుకని బ్యాగులు డిక్కీలోకి వెళ్తాయి. అదీ బయల్దేరే చోటే సర్దేస్తారు, చేరిన చోట పదిమంది చూస్తుండగా కాదు. కారు దిగాక రిమోట్ నొక్కి ఊరుకోరు, తలుపు పిడి ఒకసారి లాగి చూస్తారు. రిమోట్ సంకేతం కారుకి అందకుండా అడ్డుకునే పరికరాలు దొంగల దగ్గరుంటాయి. లాక్ పడిందనుకుని మనం వెళ్లిపోతాం, కారు తెరిచే ఉంటుంది.

ఇదేమీ మనకు పరాయి విద్య కాదు. చైన్ స్నాచింగ్ వార్తలు ఎక్కువైన రోజుల్లో హైదరాబాద్ కాలనీల్లో ఆడవాళ్లు, వెనక బైక్ చప్పుడు వినగానే కొంగు మెడ చుట్టూ తిప్పుకుని గోడవైపు జరగడం నేర్చుకున్నారు. అంతమాత్రాన గుడికి వెళ్లడం మానలేదు, కూరలకి వెళ్లడం మానలేదు. ఆ నేర్పునే విమానం ఎక్కించాలి. మంగళసూత్రం తప్ప మిగతా బంగారం ఇంట్లోనే ఉంచి, ఆ ఒక్కటీ బట్టల లోపలికి వేసుకోండి. డబ్బు తీయాల్సి వస్తే మాల్ లోపలి ఏటీఎంలోనే తీయండి. మిషన్ దగ్గర మర్యాదగా సాయం చేస్తానని వచ్చినవాడి చేతికి కార్డు ఇవ్వొద్దు. వాడు తిరిగిచ్చే కార్డు మీది కాకపోవచ్చు.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద జాగ్రత్త, అక్కడివాళ్లని అడగడం. అదీ సూటిగా అడగాలి. ఈ ఊరు సురక్షితమేనా అంటే వచ్చే జవాబు ఎందుకూ పనికిరాదు. ఈ వీధిలో ఈ వేళప్పుడు నడవొచ్చా, ఏ మలుపు దాకా వెళ్లొచ్చు అని అడిగితే పనికొచ్చేది చెబుతారు. బ్రామ్‌ఫాంటైన్‌లో పగలు యూనివర్సిటీ విద్యార్థుల సందడి ఉంటుంది. దుకాణాలు మూసి జనం పలచబడ్డాక అదే వీధి వేరు. సొవెటోలో మండేలా, డెస్మండ్ టూటూ ఇద్దరి ఇళ్లూ ఉన్న విలకాజీ వీధి పగటిపూట టూరిస్టులతో కళకళలాడుతుంది. పార్క్ రైల్వే స్టేషన్ పరిసరాల్లో పెట్టె లాక్కుంటూ దిక్కులు చూడటం మాత్రం మంచిది కాదు. విమానాశ్రయం నుంచి శాండ్‌టన్‌కి 2010 నుంచి గౌట్రైన్ అనే రైలు నడుస్తోంది, దాన్ని వాడుకోండి.

పాంటే టవర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1975లో కట్టిన 54 అంతస్తుల గుండ్రటి భవనం, మధ్యలో పైనుంచి కింద దాకా బోలు. ఒకప్పుడు ఆ బోలులో చెత్త అంతస్తుల ఎత్తున పేరుకుంది, టవర్ పేరు చెబితేనే జనం జడిసేవారు. ఇప్పుడక్కడ కుటుంబాలు కాపురముంటున్నాయి. డ్లాలా న్జే అనే సంస్థ 2012 నుంచి అక్కడే పనిచేస్తూ, ఆ పేట తెలిసినవాళ్లతో సందర్శకులను వీధుల్లోకి నడిపిస్తోంది. ఒంటరిగా వెళ్లకూడని చోటు తోడుంటే చూడదగ్గ చోటవుతుంది. తోడు వచ్చినవాడికి ఆ మూల మీద కూర్చున్న కుర్రాడెవరో, వాడి అమ్మ ఎవరో కూడా తెలిసి ఉంటుంది.

కాన్‌స్టిట్యూషన్ హిల్ తప్పకుండా చూడండి. ఒకప్పటి జైలు అది, ఇప్పుడక్కడ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. విచారణ ఖైదీలను ఉంచిన భవనాన్ని కూల్చి, ఆ ఇటుకలతోనే కోర్టు గది గోడ కట్టారు. ఆ ఇటుకల ముందు నిలబడితే ఊరి నేరం గురించి మన ఆలోచన కూడా కాస్త మారుతుంది. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టంతో, ఏ రంగువాళ్లు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే గీత గీసింది. నల్లవాళ్లను పనికి దూరంగా, ఊరి అంచులకు తోసేసింది. చట్టం పోయినా ఆ దూరాలు పోలేదు. ఈ ఊళ్లో హింసకు ఎక్కువగా బలయ్యేది టూరిస్టులు కాదు, టౌన్‌షిప్‌లనే ఆ అంచు పేటల్లో ఉండే పేదవాళ్లు. తెల్లవారకముందే మినీబస్ టాక్సీ కోసం చీకట్లో నడిచే పనిమనిషికి సాయుధ కాపలా ఎవరూ ఇవ్వరు. మనం నాలుగు రోజులు పాటించే జాగ్రత్తను ఆమె బతుకంతా పాటిస్తుంది. అందుకే నేరం కథలు సరదాకి చెప్పుకుని నవ్వుకునే ప్రయాణికులను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇంత చేసినా ఎవరైనా ఎదురై ఫోన్ అడిగితే ఇచ్చేయండి. వాదించొద్దు, మొహంలోకి గుచ్చి చూడొద్దు, జేబులోకి హఠాత్తుగా చెయ్యి పోనివ్వొద్దు. నీలి లైట్ల వాహనం ఆపమంటే, అది పోలీసుది కాదేమోనని అనుమానం వస్తే, హెచ్చరిక లైట్లు వేసి నెమ్మదిగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌కి పోనివ్వమని డ్రైవర్‌తో చెప్పండి. పోలీసు నంబరు 10111, మొబైల్ నుంచైతే 112. స్టేషన్‌లో ఫిర్యాదు చేసి కేసు నంబరు రాయించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది అదే. పాస్‌పోర్టు పోతే మన కాన్సులేట్ ఆ ఊళ్లోనే ఉంది. పాస్‌పోర్టు, వీసాల జిరాక్స్ కాపీలు హోటల్ గదిలో విడిగా ఒక కవరులో పెట్టుకుని ఉంటే అక్కడ పని తేలికవుతుంది.