బొలెరో కింద ఆదివారం

నడిగడ్డలో ఇంజన్ ఆయిల్ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనం పండించే రైతులు ట్రాక్టరుకు అలవాటుగా చేసే పనే అది. అదే చేయి ఇప్పుడు వాకిట్లోని బొలెరో మీద పడింది. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు జాకీ అవసరమే రాదు. ఒకవేళ ఎత్తినా, ఉత్త జాకీని నమ్మి కిందికి దూరేవాణ్ని మెచ్చుకోలేను.

అసలు పనితనం చిన్న వాటిలో ఉంది. ముందు ఇంజన్‌ను కాసేపు తిప్పాలి. వెచ్చబడిన ఆయిల్ పలచనై, మడ్డిని వెంటబెట్టుకుని దిగుతుంది. మరీ కాగితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి. కొత్త ఫిల్టర్ రబ్బరు అంచుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాలి. ఇక్కడ పానా బలం చూపిస్తే వచ్చేసారి ఊడదు. తర్వాత కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ నడిపి, ఆపి, కొన్ని నిమిషాలాగి గేజి చూడాలి. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ త్వరగానే నల్లబడుతుంది. అది మసిని పట్టుకునే గుణం, కల్తీ కాదు.

వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో షెడ్డుకు వెళ్లినా ఇదే పని జరుగుతుంది. కానీ ఇంట్లో చేసేవాడికి ఏ డబ్బాలోది పోశాడో తెలుసు. నాకు నచ్చనిది ఒక్కటే: పాత ఆయిల్‌ను చెదలకని తలుపులకు పూయడం, కాలువలో పారబోయడం. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, రీసైక్లింగ్‌కు పంపే షెడ్డులో ఇవ్వాలి.