కొమ్మకు కట్టిన చొక్కా

రష్యా, ఉక్రెయిన్ పల్లెల జానపద కథల్లో ‘రుసాల్కా’ అని ఒక నీటిదయ్యం వుంది. జుట్టు విరబోసుకుని ఏటి ఒడ్డున చెట్టుకొమ్మల మీద ఉయ్యాలలూగుతుందట. దారినపోయే మగవాణ్ణి నవ్వుతూ పిలిచి, చక్కిలిగిలి పెట్టి పెట్టి చంపేస్తుందట! మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆవిడ ఎవరో తెలిశాక నవ్వు ఆగిపోయింది.

మోసపోయి నీళ్లలో దూకిన పిల్ల, పెళ్లి కాకుండానే పోయిన పిల్ల, జ్ఞానస్నానమైనా కాకముందే కన్నుమూసిన పసిగుడ్డు. వీళ్లే రుసాల్కాలు అవుతారని అక్కడివాళ్ల నమ్మకం.

ఈ కథను పుష్కిన్ 1829–32 ప్రాంతంలో నాటకంగా మొదలుపెట్టి, పూర్తిచెయ్యకుండానే వదిలేశాడు. ద్నీపర్ ఒడ్డున పిండిమర నడుపుకునే ఒకాయన కూతుర్ని రాజకుమారుడు ప్రేమించాడు. ఆమె కడుపుతో వుండగా, వేరే పెళ్లి చేసుకోబోతూ ముత్యాలహారం, తండ్రికో డబ్బుసంచీ ఇచ్చి వెళ్లిపోయాడు. ఆమె ఏట్లో దూకింది. అయితే పుష్కిన్ రాజకుమారుణ్ణి ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టలేదు సుమండీ. పెద్దింటివాడు దొరికినప్పుడు నాలుగు రాళ్లు వెనకేసుకోవాలని కూతురికి బుద్ధులు చెప్పిన తండ్రిని మొదటి రంగంలోనే మనముందు కూర్చోబెట్టాడు. తరవాత ఆ తండ్రికి మతిపోతుంది. పిల్లని నీళ్లలోకి తోసిందెవరన్న ప్రశ్నను ఈ నాటకం దాటెయ్యదు.

1901లో ప్రాగ్‌లో ప్రదర్శించిన ద్వోర్జాక్ ఒపేరా ‘రుసాల్కా’ సంగతి వేరు. చంద్రుడితో ఆమె మొరపెట్టుకునే పాట వింటే కళ్లు చెమరుస్తాయి, కాదనను. కానీ క్వపిల్ రాసిన ఆ కథలో ఆమె పుట్టుకతోనే జలకన్య. మనిషి కావడానికి గొంతును తాకట్టు పెడుతుంది. ప్రియుడు మోసం చేసినా, చివరికి అతని ఆత్మకోసం ప్రార్థించి నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఎంత సౌకర్యం చూడండి! దూకిన పిల్లే లేదు గనక, తోసినవాళ్లూ లేరు. మాటరాని సహనం ఒక్కటే మిగిలింది. నాకు గిట్టనిదీ అదే.

ఈ ఇద్దరికీ తట్టనిది పల్లెటూరి ఆడవాళ్లకు తట్టింది. ఈస్టరు తరవాత ఏడో వారంలో వచ్చే త్రిత్వ పండుగ రోజుల్లో రుసాల్కాలు నీళ్లలోంచి పొలాల మీదికి వస్తారట. ఆ వారం ఏట్లో స్నానం చెయ్యడానికి భయం. ఆ భయంతోనే చెట్టుకొమ్మలకు చొక్కాలు, తువ్వాళ్లు, నూలుపోగులు కట్టేవారు. దారిలో ఎదురైతే తలగుడ్డ విసరాలి. అదీ లేకపోతే చొక్కాచెయ్యి చింపి ఇవ్వాలి. ఎందుకంటే పాపం, ఆమె ఒంటిమీద బట్టలేదు!

దయ్యమని జడుస్తూనే, చలికి వణికే ఆడపిల్ల అని మరిచిపోలేదు. పుష్కిన్ ఆమెకు పగ ఇచ్చాడు, ద్వోర్జాక్ పాట ఇచ్చాడు. చొక్కా ఇచ్చింది మాత్రం ఆ అమ్మలక్కలే. నా ఓటు వాళ్లకే. మరి మీరేమంటారు?