‘మా భూమి’: నిరంకుశ పతనానంతర కథ

నిరంకుశ ప్రభుత్వమును విప్లవకారులు ఎదిరించిన కథను చలనచిత్రముగా మలచువారికి ఒక చిక్కు కలదు. ప్రేక్షకుని ఊపిరి బిగబట్టించునది తరువాత ఏమగునో యను ఉత్కంఠ. చరిత్ర తెలిసిన ప్రేక్షకునకో, ఏమగునో ముందే తెలియును. పాంటెకోర్వో తన ‘ది బాటిల్ ఆఫ్ అల్జీర్స్’ (1966)లో కథాక్రమమును మార్చి ఈ చిక్కును దాటినాడు. అలీ లా ప్వాంత్ గోడ వెనుక దాగియున్న క్షణముతో చిత్రము మొదలై, మూడేండ్లు వెనుకకు పోయి, మరల ఆ గోడకడకే వచ్చి చేరును. కోస్టా గవ్రాస్ ‘జెడ్’ (1969)లో ఉత్కంఠ యంతయు విచారణాధికారి పరిశోధనమున నున్నది. 1963లో గ్రీసున జరిగిన లాంబ్రాకిస్ హత్య దానికి మూలము. ఒక చిత్రము పరపాలన ముగియు చోట ముగియుచున్నది; రెండవది సైనిక నియంతృత్వము ఆరంభమగు చోట ముగియుచున్నది.

తెలుగున ఈ కోవకు చేర్చదగిన చిత్రము గౌతం ఘోష్ దర్శకత్వమున వెలువడిన ‘మా భూమి’ (1979). బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. దీనిని తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట చిత్రమని చెప్పి విడుచుట వాడుక. అది నిజమే. అయినను ఈ చిత్రపు విశిష్టత పోరాట చిత్రణమున కాక, నిరంకుశత్వము కూలిన తరువాతి భాగమున నున్నదని మా అభిప్రాయము. రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల సీమను మనసున నుంచుకొని చూచినప్పుడు ఈ విషయము మరింత స్పష్టపడుచున్నది. ఈ చిత్రమునందలి ఒక లోపము కూడ అచ్చటినుండియే బయలుపడుచున్నది.

మొదట మూలమును గూర్చి. కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఈ చిత్రమునకు ఆధారము. నవలలో యువరైతు రాఘవరావు ఉరికంబమెక్కుటకు ముందటి రాత్రి చెరసాలలో తన బ్రతుకును తలపోయును. తెల్లవారిన చావు, నడుమ నున్నది ఒక్క రాత్రి. ఉత్కంఠచిత్రమునకు ఇంతకంటె అనువైన చట్రము దొరకదు. ఘోష్ ఆ చట్రమును వదలుకొన్నాడు. రాఘవరావు రామయ్య అయినాడు. చెరసాల రాత్రి తొలగిపోయినది. కథ పుట్టుకనుండి వరుసగా నడచినది. నాటకీయతకు ఇది నష్టమనువారు లేకపోలేదు. మేము అట్లు తలపము. ఉరికంబపు చట్రమున నిజాము రాజ్యము, తరువాతి రాజ్యము రెండును ఒక మనుష్యుని జ్ఞాపకములుగ మారిపోవును. వరుస కథనమున ఒకదాని వెనుక నొకటి మన కన్నులయెదుటనే వచ్చును. రెంటిని పోల్చు భారము చూపరిపై బడును.

తొలి భాగము ఒక పల్లె. వెట్టిచాకిరి చేయు వీరయ్య, అతని కొడుకు రామయ్య, రామయ్య మనసిచ్చిన లంబాడి పిల్ల చంద్రి, వీరందరి తలపై దొర గడి. బెంగాలు కరవుపై ‘హంగ్రీ ఆటమ్’ అను వార్తాచిత్రము తీసిన దర్శకునకు ఇది మొదటి కథాచిత్రము. భాషయు తనది కాదు. బహుశః అందుచేతనే కాబోలు, ఆతని కెమెరా మాటలకంటె వంగిన నడుములను, చేతులు కట్టుకొని నిలుచు తీరును ఎక్కువగా పట్టించుకొన్నది. నలుపు తెలుపుల చిత్రము. రంగస్థలపు వాసన తక్కువ. ఆనాటి తెలుగు తెరపై హాస్యమునకు మాత్రమే అక్కరకు వచ్చిన తెలంగాణ మాట ఇచ్చట దుఃఖమునకును, ఆగ్రహమునకును నోరైనది. బండి యాదగిరి రచించిన గీతమును గద్దర్ తెరపై పాడిన ఘట్టము జనులలో చిత్రముకంటె ఎక్కువ కాలము బ్రతికినది. దానిని గూర్చి ఇచ్చట విస్తరింపము.

చంద్రి విషయమున మాత్రము చిత్రము చిన్నదైపోయినది. దొర బలాత్కారమునకు ఆమె లోబడవలసి వచ్చుట రామయ్య ఊరు విడుచుటకు హేతువు. ఆమెకు ఏమైనదో కథ యొక్క హేతువుగ తెలిసినది గాని ఆమె బాధగ తెలియలేదు. నర్సింగరావు తరువాత తానే దర్శకుడై ‘దాసి’ (1988)లో గడిలోని స్త్రీని కథకు నడిబొడ్డున నిలిపెను. ‘మా భూమి’ ఋణము కొంత ఆ విధముగ తీరినదని మేము భావింతుము.

ఇక పతనానంతర కథ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగుటతో పోరాటము కొత్త మలుపు తిరిగెను. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించి అయిదు దినములలో నిజాము ప్రభుత్వమును లొంగదీసెను. వేరొక చిత్రకారుడైనచో ఇచ్చట జెండా ఎగురవేసి తెర దించియుండును. ‘మా భూమి’లో సైన్యము వెంట, పారిపోయిన దొర ఊరికి మరలి వచ్చును, తలపై టోపీ మాత్రము మారినది. రైతులు పంచుకొన్న భూమి మరల వివాదమగును. రామయ్య ఈ రెండవ దశలోనే ప్రాణము గోల్పోవును. ఇది దర్శకుని అతిశయోక్తి కాదు. 1949లో జాగీర్లు రద్దయినవి, నిజమే. కాని నిజాము 1950 జనవరినుండి 1956 అక్టోబరు వరకు అదే రాష్ట్రమునకు రాజప్రముఖుడుగ నుండెను. పోరాటము 1951 అక్టోబరున గాని విరమింపబడలేదు. ‘రజాకార్ల కాలము పోయినది గదా, ఇంకను తుపాకి ఏల?’ అను ప్రశ్నకు చిత్రము ఏకపక్షముగ సమాధానము చెప్పినదను ఆక్షేపణ కలదు. అందు కొంత సత్యము లేకపోలేదు. పోరాటమును కొనసాగించుటయా, విరమించుటయా యని ఆనాడు నాయకులలోనే తీవ్రమైన భేదాభిప్రాయములుండెను. తెరపై అవి వినబడవు.

1979లో ఈ ప్రశ్న పాతబడినది కాదు. రామగుండము అప్పుడు కరీంనగరు జిల్లాలోనిది. 1978 సెప్టెంబరు 7న అదే జిల్లా జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగెను; అక్టోబరున సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగ ప్రకటింపబడెను. నిజాము పోయి ముప్పదియేండ్లయినను గడి ముందు చెప్పులు విడిచి నడచిన ఊళ్లు ఇంకను కలవు. అట్టి ఊళ్లనుండి బొగ్గుబాయికి పనికి వచ్చినవానికి తెరపైని దొర చరిత్రలోని మనుష్యుడు కాదు. నిన్న మొన్న విడిచి వచ్చిన మనుష్యుడు. ఈ చూపరికి ‘తరువాత ఏమగును’ అను ఉత్కంఠ కథకు సంబంధించినది కాదు, తన ఊరికి సంబంధించినది. పాంటెకోర్వో కథాక్రమమును తలక్రిందులు చేసి సాధించినదానిని ‘మా భూమి’ ఇట్లు మరియొక దారిని సాధించినది.

అయితే ఆ చూపరికి తెరపై తన పని కనబడదు. రామయ్య పల్లె విడిచి హైదరాబాదు చేరి, మక్బూల్ అను కార్మికోద్యమకారుని వలన రాజకీయము నేర్చి, పల్లెకు మరలును. మక్బూల్‌ను చూచినవారికి మఖ్దూం మొహియుద్దీన్ తలపునకు వచ్చును. కాని పాత్ర బోధకుడుగనే మిగిలి, మనిషిగ ఎదగలేదు. పట్టణ భాగము చిత్రమున మిక్కిలి పలుచన. పల్లె, పట్టణము అను రెండు తావులే తెలంగాణమైనట్లు కథ నడచినది. మూడవ తావు గని. 1871లో విలియం కింగ్ ఇల్లందు దిక్కున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము అందలి అధికభాగము వాటాలను కొనెను. అనగా పోరాటము రగులు నాటికి పల్లెలో పన్ను గుంజిన ప్రభుత్వమే గనికి యజమాని. 1948 తరువాత యాజమాన్యము చేతులు మారినది. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతులు. గోదావరిఖని గనులు 1960 ప్రాంతమున తెరువబడినవి గనుక చిత్రకాలమునకు చెందవు. ఇల్లందు, కొత్తగూడెము, బెల్లంపల్లి గనులు అప్పటికే కలవు. ప్రభువు మారినను పని మారునా యను ప్రశ్న పల్లెలో ఎంత పదునైనదో గనిలో అంత పదునైనది. చిత్రము ఆ ప్రశ్నను సగమే అడిగినది.

మిగిలిన సగమును అడిగినది నవల. నైజాము కాలపు గనికార్మిక నాయకుని బ్రతుకుపై పి. చంద్ ‘శేషగిరి’ వ్రాసెను. కరీంనగరు రైతుల తిరుగుబాటును అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’లో చెప్పెను. ‘మా భూమి’ని ఒంటిగ కాక ఈ రెండు నవలల ప్రక్కన నుంచి, ముఖ్యముగ 1948 సెప్టెంబరు తరువాతి ఘట్టములలో దొర మరలి వచ్చు తీరును, గనిలో కార్మికుని యెడల యజమాని నడచు తీరును సరిపోల్చి చూడవలసిన పని పరిశోధక విద్యార్థులకు ఇంకను మిగిలియున్నది.